రాని ప్రశ్నలు

ఉత్తరంలో ఉన్నవి రెండే పేరాలు. అచ్చుతప్పులు మాత్రం మూడు. తల్లి కళ్లు ముందు వాటిమీదే పడ్డాయి. ఏం చేస్తుంది మరి, పద్నాలుగేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా చీటీ రాసి పంపినా, ముందు అందులో ఒత్తులు సరిచూసి, ఆనక నీళ్ల బకెట్టు అందుకునే రకం.

తప్పులు మూడూ అయ్యాక అసలు సంగతి బుర్రకెక్కింది. ఏడో తరగతి చదువుతున్న కూతుర్ని వచ్చే సోమవారం నుంచి ప్రత్యేక గదికి మారుస్తారట. ‘విద్యార్థిని చూపు తక్కువైనందున తరగతి వేగాన్ని అందుకోలేకపోతున్నది. లెక్కల పరీక్షలో నాలుగు ప్రశ్నలు తనకు రాలేదని స్వయంగా ఒప్పుకున్నది’ అని రాశారు. శనివారం తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి, జతచేసిన కాగితం నింపి, సంతకం పెట్టాలి.

ప్రత్యేక గది సంగతి ఆ బడికి పిల్లల్ని పంపేవాళ్లలో తెలియనిదెవరికి? కింది అంతస్తులో మరుగుదొడ్ల పక్కన ఒకప్పటి సామాన్ల గది అది. అయిదుగురు పిల్లలుంటారు. ఎవరి వయసు వాళ్లది, ఎవరి ఇబ్బంది వాళ్లది. పుస్తకం మాత్రం అందరికీ ఒక్కటే, రంగులు వేసుకునేది. లెక్కలుండవు, సైన్సుండదు, పదో తరగతి పరీక్ష ఊసే ఉండదు. అందులోకి వెళ్లిన పిల్ల మళ్లీ తరగతిలో కూర్చున్న దాఖలా ఇంతవరకు లేదు.

“గువ్వా, ఇలా రా. ఆ జవాబుల కాగితాలు కూడా పట్రా.”

ఏది చూడాలన్నా మెడ ఓ పక్కకి వాల్చి చూస్తుంది కూతురు. అందుకని తండ్రి చిన్నప్పుడే పెట్టిన ముద్దుపేరు అది. కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టి, తల్లి కుర్చీకి ఆనుకుని నిలబడింది. తల్లి చేతిలోకి ఎర్ర పెన్ను దానంతటదే వచ్చేసింది. ‘బిన్నం’ అని ఉన్నచోట ‘భి’ చేసింది. ‘వ్యాసార్దం’ దగ్గర ఒత్తు సరిచేసింది. ఒక పేజీ నిండా అలా దిద్దుకుంటూ పోయి, రెండో పేజీలో ఆగింది.

“నాలుగోది ఏదే? ఎనిమిదోది కూడా లేదు. పన్నెండు, పదహారు... ఇవన్నీ ఏవి?”

“అవి నాకు రాలేదమ్మా.”

“రాలేదా? ఎంత తాపీగా చెబుతున్నావే! పదేసి మార్కుల లెక్కలు అవి. రాకపోతే నోరు తెరిచి సారును అడగొద్దూ?”

“రాలేదని నాకేం తెలుసు?”

“ఎదురు సమాధానాలొకటి! నీకు రానిది నీకు కాక ఎదురింటివాళ్లకి తెలుస్తుందా?”

పిల్ల ముఖం చిన్నబోయింది. ఇంకేదో చెప్పబోయి, మానేసి, వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన తండ్రి చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆ మాటలన్నీ విన్నాడు. సిటీ బస్సు డ్రైవరతను. రోజంతా హారన్లు విని వచ్చినవాడికి ఇంట్లో అరుపులు పడవు.

“దాన్ని ఎందుకలా కసురుతావు? సంతకం పెట్టమంటే పెట్టేస్తావా ఏంటి?”

“నూటికి ముప్పై ఒకటి వచ్చాయండీ. నాలుగు లెక్కలు ముట్టుకోనైనా లేదు. ఏ మొహం పెట్టుకుని పెట్టనని చెప్పమంటారు?”

తల్లికి ఒక్క క్షణం బడివాళ్లు చెప్పేదే నిజమేమో అనిపించింది. అలా అనిపించగానే ఎర్ర పెన్ను మూతపెట్టి అవతల పడేసింది. ఆ సాయంత్రం పిల్ల అన్నం కూడా సగంలోనే వదిలేసి లేచింది.

*

మర్నాడు ప్రెస్సులో ఆమె బల్లమీద మందుల కంపెనీ కరపత్రం ఉంది. లైను కింద స్కేలు పెట్టుకుని, అడుగు నుంచి పైకి, వెనక నుంచి ముందుకి చదువుతోంది. మామూలుగా చదివితే అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, తప్పులు కంటికి ఆనవు. అలా వెనక్కి చదవడం కొత్తగా చేరినవాళ్లకి ఆమే నేర్పుతుంది. మిషన్ల మోత, సిరా వాసన, కిటికీ పక్కన బండిళ్లు కట్టే తాడు చప్పుడు. రోజూ ఉండేవే. మనసు మాత్రం అక్కడ లేదు, ‘రోజుకు’ అన్న మాట రెండుసార్లు అచ్చయితే మూడోసారి చదివినప్పుడుగానీ పట్టుకోలేకపోయింది.

కటింగ్ మిషను దగ్గర పనిచేసే పెద్దాయన ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు. ప్రెస్సులో అందరికంటే పాతకాపు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

“అమ్మాయ్, నీళ్ల మోటారు పుస్తకం నువ్వేగా ఓకే చేసింది? పదకొండో పేజీలో ఆఖరి లైను రాలేదు.”

“రాకపోవడమేంటి బాబాయ్? నేను చదివాను. తడిచేతులతో స్విచ్చి ముట్టుకోరాదు అని ఉంది కదా.”

“ప్రూఫులో ఉంది తల్లీ, కాదన్నానా? కాగితం మీదికి రాలేదు అంటున్నా. మిషను మీద కాగితం జరిగింది. ఇదిగో చూడు, తలకట్లు మాత్రం మిగిలాయి.”

ఆమె కాగితం అందుకుంది. పేజీ అడుగు అంచున తలకట్లు వరసగా ఉన్నాయి. వాటికింద ఉండాల్సిన అక్షరాలు లేవు.

“ఏమన్నావు బాబాయ్? ఇంకోసారి చెప్పు.”

“ఆఖరి లైను రాలేదు అన్నా. ఏం, చెవుడు గానీ వచ్చిందా?”

“వచ్చింది” అందామె. లేచి నిలబడిపోయింది. అవి నాకు రాలేదమ్మా. రాలేదని నాకేం తెలుసు. పద్నాలుగేళ్లుగా ఈ గదిలో రోజుకు పదిసార్లు వినే మాటే! అక్షరం పడకపోతే రాలేదు, రంగు ఎక్కకపోతే రాలేదు. కన్నకూతురు అదే మాట అంటే మాత్రం చేతకాలేదని చెబుతోందనుకుంది. ఆమెకు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

“బాబాయ్, ఫోర్‌మన్‌కి చెప్పు. నేను ఇంటికెళ్తున్నా.”

“ఈ పుస్తకం సంగతేంటే?”

“ఆ పేజీ ఆపించు. మళ్లీ వేయించాలి. మోటారు ముట్టుకుని ఎవడైనా పోతే మనకి చుట్టుకుంటుంది” అంటూనే గుమ్మం దాటింది.

నాలుగింటికి గువ్వ బడినుంచి వచ్చేసరికి తల్లి వాకిట్లోనే ఉంది. “నీ లెక్కల ప్రశ్నపత్రం ఏది?” అంటూ సంచీ అందుకుని, నాలుగు కాగితాలూ తీసి, వెలుతురులో మెట్టుమీద పరిచింది. మిగతా పిల్లలకిచ్చే చిన్న ప్రశ్నపత్రాన్నే జెరాక్సు మిషనులో పెట్టి పెద్దది చేశారు. పక్కల ఖాళీ ఎక్కువ ఉంది కాబట్టి ఆ వైపు మాటలు తెగలేదు. అడుగున ఖాళీ లేదు. ప్రతి పేజీలో ఆఖరి ప్రశ్న కాగితం దాటి అవతలికి పోయింది. మూడో ప్రశ్న కింద సన్నగా, వంకర వంకరగా తలకట్లున్నాయి. ఏడో ప్రశ్న కిందా అంతే.

“ఇదేంటనుకున్నావే?” అని వేలు పెట్టి చూపించింది.

పిల్ల మెడ వాల్చి, ముక్కు కాగితానికి ఆనేంత వంగి చూసింది. “గీతలేమో అనుకున్నా.”

“మూడు తర్వాత అయిదు వచ్చింది కదా. నాలుగు ఏదీ అని అనుమానం రాలేదూ?”

“వచ్చింది. నాకు వదిలేశారేమో అనుకున్నా.”

“వదిలేయడమేంటి?”

“అన్నీ వదిలేస్తారు కదమ్మా నాకు. ఆటల పీరియడు వదిలేస్తారు. మ్యాపులు వదిలేస్తారు. ల్యాబులో నన్ను స్టూలు మీద కూర్చోమంటారు. అందుకే ఇవి కూడా వదిలేశారనుకున్నా. తర్వాత సారు పిలిచి నాలుగు ఎందుకు రాయలేదని అడిగాడు. నాకు రాలేదు సార్ అన్నా. సరే పో అన్నాడు.”

తల్లి కాగితాలు పక్కకి నెట్టింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పన్నెండేళ్ల పిల్ల, కాళ్లు మెట్టు దిగి వేలాడుతున్నాయి.

“నాది తప్పే. నువ్వు సరిగ్గానే చెప్పావు, నేనే తప్పు చదివాను. నన్ను నాలుగు తిట్టు.”

“నువ్వు నిన్న తిట్టినంతా?”

“అంతా.”

“వద్దులే, చాలా అవుతుంది” అంది గువ్వ.

*

బుధవారం భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి బడికి వెళ్లారు. హెడ్‌మిస్ట్రెస్ కాగితాల వంక చూసీచూడనట్టు చూసి పక్కన పెట్టింది. చెడ్డ మనిషి కాదు, పనెక్కువైన మనిషి. ఎవరు ఏం చెప్పినా ముందు గోడ గడియారం వంక చూస్తుంది.

“చూడమ్మా, మీ అమ్మాయి ఒక్కతి కోసం అటెండరుతో ప్రత్యేకంగా పెద్దది చేయించి ఇస్తున్నాం. అదీ మా తప్పేనంటే ఎలా?”

“చేయిస్తున్నారు మేడమ్, సంతోషమే. పూర్తిగా చేయించలేదు.”

లెక్కల సారును పిలిపించారు. అతను కుర్రవాడు, చొక్కా చేతికి సుద్దపొడి. “నేను స్వయంగా అడిగానమ్మా. నాకు రాలేదు సార్ అని చెప్పింది. నా చెవులతో విన్నాను.”

“నేనూ విన్నాను సార్. తల్లినై ఉండి నేనూ మీలాగే అనుకున్నా. అది లెక్క రాలేదని చెప్పలేదు. ప్రశ్న రాలేదని చెప్పింది.”

సారు కాగితం తీసుకున్నాడు. అడుగు అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, తుడిస్తే పోతుందేమోనన్నట్టు. రెండో కాగితం చూశాడు. మూడోది చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. హెడ్‌మిస్ట్రెస్ వైపు చూసి, కాగితాలు మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

“సరే, ఈ పరీక్షలో పొరపాటు జరిగిందే అనుకుందాం” అంది ఆవిడ. “కమిటీ నిర్ణయం అయిపోయింది. అయినా మీ అమ్మాయి మంచికే కదా! ఆ గదిలో హాయిగా ఉంటుంది. ఒత్తిడి ఉండదు.”

తండ్రి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “మేడమ్, నేను బస్సు నడుపుతాను. మెట్టు ఎక్కలేని ముసలాయన స్టాపులో ఉంటే, ‘నీకు ఇక్కడే హాయిగా ఉంటుంది తాతా, ఒత్తిడి ఉండదు’ అని చెప్పి వదిలేసి పోతే నా ఉద్యోగం ఉంటుందంటారా?”

హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసింది. “ఏదున్నా శనివారం సమావేశంలో చెప్పుకోండి. కాగితం నింపి తీసుకురండి.”

గేటు బయట టైలరమ్మ కొడుకు కోసం నిలబడి ఉంది. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది, తీయడం మర్చిపోతుంది. కొడుకు చంకకర్రలతో నడుస్తాడు. ఏడో తరగతిలో ఉండాల్సినవాడు, రెండేళ్లుగా ప్రత్యేక గదిలో రంగులు వేస్తున్నాడు.

“మీకూ వచ్చిందా వదినా కాగితం? పెట్టకండి సంతకం. నేను పెట్టి అనుభవిస్తున్నా.”

“అందులో ఏం రాయించుకున్నారు?”

“‘విద్యార్థికి రాని అంశాలు’ అని ఒక గడి ఉంటుంది చూడండి. మెట్లెక్కడం రాదు అని రాయమన్నారు, రాశా. నిజమే, మా వాడికి మెట్లెక్కడం రాదు. తరగతేమో పైన. అయితే సైన్సు కూడా రాదని ఎవడు చెప్పాడు వీళ్లకి? ఆ కాగితాన్ని మీటింగులో మైకులో చదివి, సహకరించినందుకు నాకు చప్పట్లు కూడా కొట్టించారు. తల కొట్టేసినట్టయింది వదినా.”

తల్లి తన చేతిలోని ఖాళీ కాగితం విప్పింది. ‘విద్యార్థికి రాని అంశాలు. తల్లిదండ్రులు నింపవలెను.’ ఆ మాటను రెండుసార్లు, ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చదివింది. ఆమె పెదాల మీద ఆ వారంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

“వదినా, ఈ గడి బాగానే ఉంది. ఇందులో మనం రాయాల్సింది చాలా ఉంది. మిగతా నలుగురి అమ్మానాన్నల్ని రేపు సాయంత్రం మీ షాపుకి పిలవగలరా?”

*

గురువారం సాయంత్రం టైలరమ్మ షాపులో నిలబడటానికి కూడా చోటు లేదు. కుట్టాల్సిన బట్టల మూటలమీద కొందరు కూర్చున్నారు. తల్లి కుట్టుమిషను బల్లమీద కాగితాలు పెట్టుకుని, “మీరు చెప్పండి, నేను రాస్తా. పిల్లలకి చేతకానిది కాదు. బడినుంచి వాళ్లదాకా రానిది చెప్పండి” అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆపడం కష్టమైంది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అందుకున్నారు. కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు, పగలబడి నవ్వినవాళ్లూ ఉన్నారు. బ్యాంకు దగ్గర వాచ్‌మన్‌గా చేసే ఒకాయన మాత్రం తటపటాయించాడు. ఆయన కూతురికి చెవులు వినిపించవు.

“ఇలా రాస్తే రేపు పిల్లమీద కక్ష కడితేనో?”

“ఇంకేం చేస్తారన్నా?” అంది టైలరమ్మ. “మరుగుదొడ్డి పక్కన కూర్చోబెట్టారు. ఇక మిగిలింది లోపల కూర్చోబెట్టడమే.”

వాచ్‌మన్ కూడా నవ్వేశాడు. “అయితే రాయండమ్మా” అన్నాడు.

*

శనివారం హాలు నిండింది. ముందు వరసలో ఆరు కుటుంబాలు. తల్లి పక్కనే గువ్వ కూర్చుంది. తల్లి ప్రెస్సులో ఎంత గొప్పవాడి రాతనైనా కొట్టేస్తుంది గానీ, నలుగురిలో లేచి మాట్లాడింది ఎన్నడూ లేదు. ఇవాళ ఓడితే పిల్ల ఎల్లుండి ఆ గదిలో ఉంటుంది.

హెడ్‌మిస్ట్రెస్ మామూలు మాటలు అయ్యాక, “ప్రత్యేక గది విషయంలో సహకరిస్తున్న తల్లిదండ్రుల కాగితాలు చదువుతాను” అంటూ దొంతరలో పైది తీసింది. పాత పిల్లల కాగితాలు కూడా కొత్తగా వచ్చాయేమిటని అనుకుందో లేదో, మైకు ముందు మొదలుపెట్టేసింది.

“‘రాని అంశాలు: సైన్సు ల్యాబు. రెండేళ్లుగా రాలేదు. అది పై అంతస్తులో ఉంది, మా వాడు కింద ఉన్నాడు. ఇద్దరిలో దిగగలిగేది...’” ఆవిడ గొంతు నెమ్మదించింది. “‘...దిగగలిగేది అదొక్కటే.’”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ ఆ కాగితం కింద పెట్టి గబగబా రెండోది తీసింది. “‘రాని అంశాలు: టీచరు ముఖం. మా అమ్మాయికి చెవులు వినిపించవు, పెదాలు చూసి పాఠం నేర్చుకుంటుంది. టీచరు బోర్డువైపు తిరిగి చెబుతారు. వీపు చూసి నేర్చుకోవడం...’”

ఆవిడ ఆగిపోయింది. వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. “చదవండి మేడమ్, మధ్యలో ఆపితే ఎలా?”

“అవును, పూర్తిగా చదవండి!”

ఆవిడ చదివింది. చదవక తప్పలేదు. మూడోది, నాలుగోది, అయిదోది. హాల్లో నవ్వులు తగ్గిపోయి, ఆఖరికి ఫ్యాను చప్పుడే మిగిలింది. ఆరోది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆవిడ గడియారం వంక చూడలేదు.

“‘రాని అంశాలు: నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు ప్రశ్నలు. కాగితం మీదికే రాలేదు. ప్రశ్నపత్రం జతచేయడమైనది. అడుగు అంచు చూడగలరు.’”

లెక్కల సారు లేచి నిలబడ్డాడు. ఎవరూ లేవమనలేదు. “అది నిజమే” అన్నాడు. మైకు లేకపోయినా అందరికీ వినబడింది. “పేపరు నేను సరిచూసుకోలేదు. పిల్ల చెప్పింది, నేను అర్థం చేసుకోలేదు. బుధవారమే తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఆ నాలుగు ప్రశ్నలూ సోమవారం మళ్లీ ఇస్తాను.”

“భలే ఉందే!” మధ్య వరసలో ఒక తండ్రి లేచాడు. “మా వాడికీ నాలుగు లెక్కలు రాలేదు. మరి వాడికి కూడా మళ్లీ పెడతారా?”

కొందరు నవ్వారు. గువ్వ తల్లి లేచింది. వెనక్కి తిరిగి తన కుర్చీ వీపు పట్టుకుంది.

“మీ వాడికి ప్రశ్న వచ్చిందండీ. జవాబు రాలేదు. మా పిల్లకి ప్రశ్నే రాలేదు. ముందు ప్రశ్న రానివ్వండి. జవాబు రాకపోతే అప్పుడు నేనే ముందు తిడతాను, అది నాకు బాగా వచ్చు.”

ఈసారి హాలంతా నవ్వింది, ఆ తండ్రి కూడా. “సరేనమ్మా, నిజమే” అని కూర్చున్నాడు.

“వీటిలో ఒక్కదాని మీదా సంతకం లేదు” అంది హెడ్‌మిస్ట్రెస్ కాగితాలు తిరగేస్తూ.

“ఉండదు మేడమ్” అని టైలరమ్మ లేచింది. “రెండేళ్ల కింద నేను పెట్టినది కూడా వెనక్కి ఇచ్చేయండి. ఆ చేత్తోనే కొట్టేస్తాను.”

హెడ్‌మిస్ట్రెస్ ఆరు కాగితాలనీ అంచులు కలిపి సర్ది పెట్టింది. తర్వాత లెక్కల సారు వైపు తిరిగి, మైకు ఆపకుండానే అడిగింది. “ఏడో తరగతిని కిందికి దింపి, కింద ఉన్న నాలుగోవాళ్లని పైకి పంపితే... పిల్లలు ఎక్కగలరా?”

“పరిగెత్తుకుంటూ ఎక్కుతారు మేడమ్.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?” అని ఆవిడ అడిగింది. ఎవరినో తెలియలేదు. “సామాన్లు మళ్లీ ఆ గదిలోనే పెట్టించండి. పిల్లలు ఎవరి తరగతిలో వాళ్లు కూర్చుంటారు. ల్యాబు సంగతి ఈ వారంలో చూస్తాను. నాకు ఈ కాగితాలు కావాలి, వీటిని కమిటీకి పెడతాను.”

ముందు చప్పట్లు కొట్టింది వాచ్‌మన్. ఆయన పక్కన కూర్చున్న కూతురు తండ్రి చేతులు చూసి, తనూ రెండు చేతులూ పైకెత్తి ఆడించింది. తర్వాత హాలు హోరెత్తింది. తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని, “ఏడవకే, అందరూ చూస్తున్నారు” అంటూ తనే కళ్లు తుడుచుకున్నాడు.

*

సోమవారం పొద్దున్నే లెక్కల సారు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. చేతిలో నాలుగు పెద్ద కాగితాలు, పేజీకి ఒక్కటే ప్రశ్న.

“నేనే టైపు చేశానమ్మా. ఒక్కసారి చూసి పెడతారా, ఏమైనా తెగిందేమో?”

“నేనెలా చూస్తాను సార్? రాసేది మా పిల్ల. బాగోదు” అని తల్లి ముఖం పక్కకి తిప్పుకుంది.

“ఇలా ఇవ్వండి, నాకు లెక్కలు అర్థంకావులెండి” అని టైలరమ్మ కాగితాలు లాక్కుంది. మెడలో టేపు తీసి, పైన కొలిచి, కింద కొలిచి, “అడుగున రెండంగుళాలు వదిలారు. మడిచి కుట్టుకోవడానికి కూడా ఉంది” అని తిరిగి ఇచ్చేసింది.

కింది అంతస్తులో బెంచీలు జరుపుతున్న చప్పుడు. ఏడో తరగతి కొత్త గదిలోకి చంకకర్రల టకటక వెళ్లింది. వెనకాలే గువ్వ వెళ్లింది. తల్లి ఆ రోజు ప్రెస్సుకి ఆలస్యంగా వస్తానని ముందే చెప్పింది. గేటు బయట గంటసేపు నిలబడింది, కూర్చుంది, మళ్లీ నిలబడింది.

విరామం గంట కొట్టగానే గువ్వ మెడ వాల్చుకుని, గోడను చేత్తో తాకుతూ గబగబా వచ్చింది. గేటు ఊచల మధ్యనుంచి తల్లి చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

“అమ్మా, నాలుగూ రాశా. సారు అప్పుడే దిద్దేశాడు. మూడు కరెక్టు.”

“ఇంకోటి?”

“పన్నెండోది తప్పు! కూడాల్సినచోట తీసేశా.” గువ్వ గొంతు పెంచింది. “కాగితం తప్పు కాదమ్మా, మిషను తప్పు కాదు. పూర్తిగా నాదే!”

తల్లి రోడ్డుమీదే పకపకా నవ్వేసింది. వెళ్లేవాళ్లు ఆగి చూశారు. చూస్తే చూడనీ అనుకుని ఇంకా గట్టిగా నవ్వింది.